దిగివచ్చే దారికి చెప్పులు

మా ఇంట్లో చెప్పులను ‘మెట్లు’ అంటాం. చిత్తూరు సీమను ఆనుకుని ఉన్న ఆంబూరులో నాలుగు తరాలుగా స్థిరపడినవాళ్ళం. చుట్టూ అరవం మాట్లాడుతున్నా ఆ మాట మాత్రం మమ్మల్ని వదలలేదు. మా అల్లుడు గారిది ఒంగోలు వైపు, ఆయన ‘జోళ్ళు’ అంటారు. జూరిచ్‌లో పుట్టి పెరుగుతున్న మా మనవరాలికి మెట్లంటే మేడ ఎక్కేవి మాత్రమే. “మెట్లు తొడుక్కోమ్మా” అని మా ఆవిడ అన్నప్పుడల్లా తొమ్మిదేళ్ళ ఆ పిల్ల మేడమెట్ల వైపు చూసి, మళ్ళీ అమ్మమ్మ వైపు చూసేది.

ఈ మెట్ల ప్రస్తావన ఎందుకు తెచ్చానంటే, నేను 32 ఏళ్ళు వాటి మీదే బతికాను. ఆంబూరులో ఒక బూట్ల కర్మాగారంలో అప్పర్ విభాగంలో చెకింగ్ పని నాది. బూటు పైభాగాన్ని అప్పర్ అంటారు. కుట్టు వంకర పోయిందా, అంగుళానికి ఎన్ని కుట్లు పడ్డాయి, మడమ దగ్గర లైనింగ్ ముడత పడిందా అని చూడడమే రోజంతా. మా సరుకులో చాలా భాగం ఐరోపాకు పోయేది. చలికాలపు బూట్ల ఆర్డర్లు మాకు ఎప్పుడూ ఎండాకాలంలోనే వచ్చేవి. కత్తిరి ఎండల్లో, రేకుల కప్పు కింద, గొర్రె ఉన్ని లైనింగు వేసిన బూట్లను చెమటలు కక్కుతూ కుట్టేవాళ్ళు మా ఆడపిల్లలు. ఒకసారి మిషను మీద కూర్చున్న ఒకామె ఉన్నిలో చెయ్యి పెట్టి, “వీటిని ఏ ఊళ్ళో వేసుకుంటారు సార్?” అని అడిగింది. “చలిదేశంలోనమ్మా” అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు? నేను చూసిన చలల్లా ఏలగిరి కొండ మీద మార్గశిర మాసపు చలే.

ఆ ప్రశ్నకు జవాబు 2023 ఫిబ్రవరిలో దొరికింది. కాస్త రక్తం చిందించి నేర్చుకున్న జవాబు కనుక, మన కుటుంబాలవాళ్ళకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఇప్పుడు మనవాళ్ళలో పిల్లలు చలిదేశాల్లో లేని ఇల్లు తక్కువ కదా.

ఫిబ్రవరిలో జూరిచ్ బడులకు రెండు వారాలు సెలవులిస్తారు. మంచు మీద ఆటలకని ఆ సెలవులు. మా అమ్మాయి, అల్లుడు గారు, మనవరాలు స్కీయింగుకు జెర్మాట్ వెళుతూ మా ఇద్దరినీ వెంట తీసుకెళ్ళారు. జూరిచ్ నుంచి విస్ప్ దాకా పెద్ద రైలు. దారిలో 2007లో తెరిచిన లోచ్‌బెర్గ్ సొరంగంలోకి దూరితే 34 కిలోమీటర్ల పైచిలుకు చీకటే. విస్ప్‌లో చిన్న రైలు ఎక్కితే లోయ వెంట పాక్కుంటూ గంటకు పైగా తీసుకుని జెర్మాట్ చేరుస్తుంది. సుమారు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. వీధి చివర తలెత్తి చూస్తే మాటర్‌హార్న్ శిఖరం, 4,478 మీటర్లు. ఆకాశంలోకి ఎవరో ఒంటి కొమ్ము గుచ్చినట్టు ఉంటుంది.

ఈ ఊళ్ళోకి మామూలు కార్లు రానివ్వరు. కార్లలో వచ్చేవాళ్ళు ఐదు కిలోమీటర్ల ఇవతల టేష్ అనే ఊళ్ళో బండి నిలిపి రైల్లో రావాలి. ఊళ్ళో తిరిగేవి అగ్గిపెట్టెల్లాంటి కరెంటు టాక్సీలు, కరెంటు బస్సులు. అందుచేత జెర్మాట్‌లో మనిషి ప్రధానంగా నడుస్తాడు. పొద్దున స్కీలు భుజాన వేసుకుని లిఫ్టు దాకా నడక, సాయంకాలం అలసిపోయి ఇంటికి నడక. మేము అద్దెకు తీసుకున్న ఇల్లు వింకెల్‌మాటెన్ అనే పేటలో, ఒక చిన్న ప్రార్థనాలయం దగ్గర. సున్నెగా రైలు స్టేషను నుంచి ఏటి పక్కగా ఇరవై నిమిషాల దారి. సున్నెగాకు వెళ్ళే రైలు కొండలోపల సొరంగంలో ఏటవాలుగా ఎక్కుతుంది. స్కీ ఆడేవాళ్ళు దాంట్లోనే పైకి వెళతారు.

మొదటిరోజు సాయంత్రం పిల్లలను ఎదుర్కోవడానికి ఆ స్టేషను దగ్గరికి వెళ్ళాను. నా కాళ్ళకు నల్లని తోలుబూట్లు. రిటైరైన రోజున మా కర్మాగారంవాళ్ళు ఇచ్చినవి, అడుగుభాగం కూడా తోలే. పెళ్ళిళ్ళకు తప్ప తీయను. “నాన్నా, ఇక్కడికి అవి పనికిరావు, వేరేవి కొందాం” అని జూరిచ్‌లోనే చెప్పింది మా అమ్మాయి. “బూట్ల సంగతి నువ్వు నాకు చెప్పాలా పాపా?” అన్నాను. ముప్ఫయి రెండేళ్ళ గర్వం అది.

నాలుగున్నరకు జనం బిలబిలమంటూ బయటికి వచ్చారు. స్కీ బూటును దగ్గరగా చూడడం అదే మొదలు. అది బూటు కాదు, కాలికి తొడిగిన పెట్టె. బయట గట్టి ప్లాస్టిక్ కవచం, లోపల మెత్తని జోడు, ముందు నాలుగు లోహపు బిగింపులు. జత మూడు నాలుగు కిలోలు తూగుతుంది. చీలమండ కదలకూడదు, మోకాలు కొద్దిగా ముందుకు వంగి ఉండాలి. కాలు ఎటు తిరిగితే స్కీ అటు తిరగాలి కదా, మధ్యలో మెత్తదనం ఉంటే ఆ కదలిక అక్కడే ఆగిపోతుంది. కొండ మీద అదే ప్రాణం కాపాడుతుంది. కింద వీధిలో మాత్రం మా మనవరాలు, పెద్దవాళ్ళు అందరూ టక్కు టక్కుమంటూ చెక్కబొమ్మల్లా నడుస్తున్నారు. మడమ నుంచి వేలికి ఒరిగే నడక ఆ బూట్లలో కుదరదు. మా అమ్మాయి ముఖం చూస్తే కొండ మీద పడ్డ శ్రమకన్నా ఈ ఇరవై నిమిషాల నడకే ఎక్కువ బాధ పెడుతున్నట్టు ఉంది. బస్సు కిక్కిరిసి వెళ్ళిపోయింది.

ఎండ కొండవెనక్కి పోయి చాలాసేపయింది. పగలు కరిగిన మంచు ఆ వేళకు మళ్ళీ గడ్డకట్టి అద్దంలా అవుతుంది. వంతెన దాటుతుండగా మనవరాలి స్కీలు అందుకుందామని ఒక అడుగు పక్కకు వేశాను. అంతే. తోలు అడుగు, తడి మంచు. ఆ తర్వాత నేను కూర్చుని ఉన్నాను. ఎముకలేవీ విరగలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇంటికి వచ్చాక మేజోడు విప్పింది మా ఆవిడ. పాదం తడిసి ముద్దయి ఉంది. కుడి మడమ మీద రూపాయి బిళ్ళంత పొక్కు చితికి, మేజోడు లోపల రక్తం. “ఏమండీ, నొప్పి లేదా?” అంది. లేదు. నాకు ఏమీ తెలియలేదు.

ఇక్కడ ఒక దాపరికం ఒప్పుకోవాలి. నాకు పద్నాలుగేళ్ళుగా షుగరు. అంతకు రెండేళ్ళ ముందే మా డాక్టరు గారు సన్నని నైలాను పోగుతో అరికాలి మీద పది చోట్ల నొక్కి, “తెలుస్తోందా?” అని అడిగారు. నాలుగు చోట్ల తెలియలేదు. “ఇక మీ కాళ్ళు మీకు కబురు చెప్పవు. మీరే రోజూ చూసుకోవాలి” అన్నారు. ఈ మాట మా ఆవిడకు తెలుసు. మా అమ్మాయికి చెప్పవద్దని ఒట్టు పెట్టించుకున్నది నేనే. దూరాన ఉన్న పిల్లను దిగులు పెట్టడం ఎందుకని.

ఆ రాత్రి మా అమ్మాయి గాయం కడిగి కట్టు కట్టింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపించింది. చివరకు తల వంచుకునే, “నాకు చెప్పకపోతే నేను దూరంగా ఉన్నట్టు కాదు నాన్నా, లేనట్టు” అంది. నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఊళ్ళోని డాక్టరు చూసి, మూడు రోజులు మడమ మీద ఒత్తిడి పడకూడదన్నారు. ఇంకొకటి కూడా గట్టిగా చెప్పారు. చలికి కాళ్ళు తిమ్మిరెక్కాయని స్పర్శ తగ్గినవాళ్ళు హీటరు దగ్గర పెట్టడం, వేడినీళ్ళలో ముంచడం చేయకూడదు. కాలినా తెలియదు. పొడి మేజోళ్ళు తొడుక్కుని నెమ్మదిగా వేడెక్కనివ్వాలి.

ఆ మూడు రోజులూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కింద వీధి. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా ఊరంతా ఇళ్ళకు నడుస్తుంది. చెకింగ్ చేసినవాడి కళ్ళు ఎక్కడికి పోతాయి? కాళ్ళ మీదకే.

స్కీ బూట్లతోనే టక్కుటక్కుమనేవాళ్ళు సగం మంది. వాళ్ళలో తెలివైనవాళ్ళు బిగింపులు వదులు చేసుకుని నడుస్తారు. మిగతా సగం వేరే బూట్లలో హాయిగా పోతున్నారు. వాళ్ళ పెట్టెబూట్లు ఏమయ్యాయని అల్లుడు గారిని అడిగాను. “లిఫ్టు పక్కనే అరలు అద్దెకిస్తారు మావయ్య గారూ. స్కీలు, బూట్లు అక్కడ పెట్టేయొచ్చు. రాత్రికి వెచ్చని గాలి పెట్టి బూట్లు ఆరబెడతారు. మామూలు జోళ్ళు పొద్దున అక్కడే వదిలి వెళ్ళి సాయంత్రం మార్చుకుంటారు. మేమే డబ్బులెందుకని మానేశాం” అన్నారు. తారు, రాళ్ళ మీద నడిస్తే స్కీ బూటు అడుగు అరుగుతుందట. అరిగిన అడుగు స్కీకి బిగించే పట్టులో సరిగ్గా కూర్చోదు. పడినప్పుడు స్కీ కాలినుంచి ఊడిపోవాలి, ఊడకపోతే మోకాలికి ముప్పు. అంటే ఇంటికి నడిచే బూటు సుఖం కోసమే కాదు, మర్నాటి క్షేమం కోసం కూడా అన్నమాట.

పూర్వం ఇంత తేడా లేదు. అప్పట్లో స్కీ బూట్లు కూడా తాళ్ళు కట్టుకునే తోలుబూట్లే. కాస్త బిరుసైనా వాటితోనే ఇల్లు చేరేవారు. 1960 దశకంలో అమెరికాలో బాబ్ లాంగే ప్లాస్టిక్ బూటు తెచ్చాక కొండ మీద పట్టు పెరిగింది, వీధిలో నడక పోయింది. దాంతో రెండో జత అవసరం బాగా పెరిగింది. ఇటలీలో మోంతెబెల్లూనా అనే ఊరి చుట్టుపక్కల బూట్ల పని చేసే కుటుంబాలు చాలా ఉన్నాయి. మాకు ఆంబూరు ఎలాగో వాళ్ళకు అది అలాగ. ఆ ప్రాంతంవాడైన జాన్‌కార్లో జానత్తా, 1969లో చంద్రుడి మీద దిగిన మనుషుల బూట్లు చూసి, తెక్నికా కంపెనీ తరఫున 1970లో ‘మూన్ బూట్’ తెచ్చాడు. బయట నైలాను, లోపల మందపాటి ఫోము. తలగడలకు తాళ్ళు కట్టినట్టు ఉంటాయి. వాటిలో కుడి ఎడమ లేదు, ఏ కాలికి ఏదైనా సరే. మొదట చూసినప్పుడు, మా చెకింగ్ బల్ల మీదికి వస్తే ఇవి ఒక్క నిమిషం కూడా నిలవవు కదా అని నవ్వుకున్నాను. మూడో రోజుకు నవ్వు తగ్గింది. వాటిని తొడుక్కున్నవాళ్ళ ముఖాల్లో అలసట ఉంది గాని బాధ లేదు.

మరికొందరు ఉన్ని లైనింగు ఉన్న తోలుబూట్లతో పోయేవారు. వాటిని చూసినప్పుడల్లా కత్తిరి ఎండలో మిషను మీద వంగిన తలలు గుర్తొచ్చాయి. ఏ ఊళ్ళో వేసుకుంటారని అడిగిందే, ఇదిగో ఇలాంటి ఊళ్ళోనమ్మా. రోజంతా కష్టపడి ఇంటికి నడిచేటప్పుడు వేసుకుంటారు.

నాలుగో రోజు డాక్టరు అనుమతి ఇచ్చాక అమ్మాయే స్టేషను వీధిలోని ఒక కొట్టుకు తీసుకెళ్ళింది. సాయంత్రమే తీసుకెళ్ళింది, ఎందుకంటే పాదాలు పొద్దుటికన్నా సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి. కొట్టులో పెద్దావిడ నన్ను నిలబెట్టి రెండు పాదాలూ కొలిచింది. నా ఎడమపాదం కొంచెం పెద్దదట. ఎన్నో వేల జతలు చూసినవాణ్ణి, నా పాదాలు నేను ఎప్పుడూ కొలుచుకోలేదు. పెద్దదాని కొలతకే బూటు తీయాలంది.

స్పర్శ తక్కువైనవాడు ‘సరిపోయింది’ అని చెప్పే మాటకు విలువ లేదు, బిగుతు బూటే వాడికి సుఖంగా తోస్తుంది. అందుకని అడిగి ఒక కాగితం తీసుకుని, దాని మీద నిలబడి పాదం చుట్టూ గీత గీయించుకున్నాను. ఆ కాగితాన్ని కత్తిరించి బూటులో పరిచి చూశాం. అంచులు ఎక్కడ ముడుచుకుంటే అక్కడ బూటు నొక్కుతుందన్నమాట. రెండు జతలు అలా తప్పాయి. మూడోది నిలిచింది. బొటనవేలి ముందు ఒక వేలు వెడల్పు ఖాళీ. అడుగు మెత్తని రబ్బరు, లోతైన గాళ్ళు. నాలుకను రెండు పక్కలా అప్పర్‌తో కలిపి కుట్టేశారు, మంచు లోపలికి దూరకుండా. లోపల ఉన్ని. అలవాటు కొద్దీ మడమ దగ్గర చెయ్యి పెట్టి లైనింగు ముడత చూశాను. లేదు. కుట్టు తిన్నగా ఉంది. “పాస్” అన్నాను. ఆ నాలుగు రోజుల్లో మా అమ్మాయి నవ్వింది అప్పుడే.

ధర మన రూపాయల్లో సుమారు పదహారు వేలు. నోరు తెరవబోయాను, అమ్మాయి చూపు చూసి మూసుకున్నాను.

మర్నాడు కొత్త బూట్లతో మా ఆవిడా నేనూ చర్చి పక్కనున్న మాటర్‌హార్న్ మ్యూజియానికి నెమ్మదిగా వెళ్ళాం. అక్కడ ఒక తెగిన తాడుముక్క ఉంది. 1865 జూలై 14న ఎడ్వర్డ్ వింపర్ అనే ఆంగ్లేయుడి బృందం, ఏడుగురు, మొదటిసారి ఆ శిఖరం ఎక్కారు. ఎక్కడం అంతా బాగానే సాగింది. దిగేటప్పుడు పందొమ్మిదేళ్ళ హాడో కాలు జారి ముందున్న మిషెల్ క్రో మీద పడ్డాడు. ఇంకో ఇద్దరిని తాడు వెంట లాక్కుపోయింది. తాడు తెగి నలుగురు పోయారు, వింపరూ టాగ్‌వాల్డర్ తండ్రీ కొడుకులూ మిగిలారు. చిటికెన వేలంత తాడు. మా ఆవిడ చాలాసేపు చూసి, “ఎక్కేటప్పుడు ఉన్న జాగ్రత్త దిగేటప్పుడు ఉండదు మనిషికి” అంది. నేను నా బూట్ల వైపు చూసుకున్నాను.

ఆ సాయంత్రం నుంచి మా ఇంటి పద్ధతి మారింది. అల్లుడు గారు అర అద్దెకు తీసుకున్నారు. నేను అక్కడే నిలబడి ముగ్గురి మామూలు బూట్లూ బయటికి తీసి వరసగా పెట్టేవాణ్ణి. ప్రతి బూటులో చెయ్యి పెట్టి రాయిగాని, మడత పడ్డ ఇన్‌సోల్ గాని ఉందేమో చూసేవాణ్ణి. పొడి ఉన్ని మేజోళ్ళు అందించేవాణ్ణి. రోజంతా పెట్టెబూటులో చెమట పట్టిన మేజోడుతో చలిలో నడిస్తే, ఎంత మంచి బూటైనా కాలు చల్లబడిపోతుంది. నూలు మేజోడైతే మరీను, తడిస్తే అందులో వెచ్చదనం ఉండదు. నాకు మాత్రం మంచు గడ్డకట్టిన చోట్ల బూటు మీద తొడిగే ఇనుపమొలల రబ్బరు పట్టీ ఒకటి కొన్నారు. చేతులు జేబుల్లోంచి తీసి, చిన్న చిన్న అడుగులు, పాదం మొత్తం ఒకేసారి ఆనేలా వేయాలి. బాతునడక అనుకోండి. మా మనవరాలు ముందు నడుస్తూ ఆ నడక నాకు నేర్పింది. పెట్టెబూట్లు లేని కాళ్ళతో ఆ పిల్ల గెంతుతుంటే, మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని నడిచింది. వంతెన దగ్గర మేమెవరమూ మాట్లాడలేదు. దాటాక మాత్రం, “ఇంకేమైనా దాచావా నాన్నా?” అంది. కంటి పరీక్ష సంగతి కూడా చెప్పేశాను.

కొండ మీది ఆటకు బూట్లు ఎన్నుకోవడంలో వాళ్ళు ఒక పూట గడిపారట. ఇంటికి నడిచే బూట్ల గురించి ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. మనమూ అంతే కదా. పిల్లలకు చలిదేశంలో ఉద్యోగం వస్తే కోటు కొంటాం, టోపీ కొంటాం, పచ్చళ్ళు కడతాం. కాళ్ళకు మాత్రం ఇక్కడివే తొడిగి పంపుతాం. పెద్దవాళ్ళు పిల్లల దగ్గరికి వెళ్ళేటప్పుడు, ముఖ్యంగా షుగరు ఉన్నవాళ్ళు, బూట్లు అక్కడే, సాయంత్రం వేళ, కాగితం కొలతతో కొనుక్కోండి. కొత్తవాటిని మొదట ఇంట్లో గంటసేపు వేసుకుని విప్పి, ఎర్రబడిందేమో చూసుకోండి. అన్నిటికన్నా ముందు, పిల్లలకు నిజం చెప్పండి.

ఆంబూరులో మంచు లేదు. ఆ బూట్లు కాగితాలు చుట్టి అటక మీద ఉన్నాయి. రిటైరైన నాటి తోలుబూట్లు బీరువాలో ఉన్నాయి, పెళ్ళిళ్ళకు. కాని ఇంట్లో నేను ఉత్తకాళ్ళతో నడవడం మానేశాను. ప్రాకారంలో రాయి కాలే వేళ కాకుండా పొద్దున్నే గుడికి వెళుతున్నాను. రాత్రి పడుకోబోయే ముందు అరికాలి కింద అద్దం పెట్టి మా ఆవిడ చూస్తుంది.

ఆదివారం ఫోనులో మనవరాలు మొదట అడిగేది ఒకటే. వాళ్ళ నాన్న ఎంత పోరినా ‘జోళ్ళు’ అనదు.

“తాతయ్యా, మెట్లు తొడుక్కున్నావా?”